ఫ్లెక్సీ

ఫ్లెక్సీ అనగా పి.వి.సి. పూత గల పాలిస్టర్ వస్త్రంపై కంప్యూటర్ సహాయంతో ముద్రించే పెద్ద ప్రకటన పటము. "వంగే గుణము గల" అను అర్థమిచ్చే ఆంగ్ల పదము నుండి ఈ పేరు వచ్చినది. 2000 దశకంలో ఇది తెలుగు ప్రాంతాలలో విస్తరించి, చేతితో వ్రాసే బోర్డులు, గుడ్డ బ్యానర్లు, సినిమా కటౌట్ల స్థానాన్ని చాలావరకు ఆక్రమించినది. కళాకారుల జీవనోపాధిని డిజిటల్ సాంకేతికత ఏ విధంగా మార్చునో తెలుసుకొనుటకు ఇదొక చక్కని ఉదాహరణ.

పూర్వపు పద్ధతి

చిత్రకారుడు చిన్న ఛాయాచిత్రంపై గళ్ళు గీసి, అదే నిష్పత్తిలో పెద్ద గళ్ళను బోర్డుపై గీసి, బొమ్మను పెంచి చిత్రించేవాడు. ఈ విద్య గురుశిష్య పద్ధతిలో సాగేది. ప్రఖ్యాత చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ కూడా తొలి రోజులలో ముంబైలో సినిమా బోర్డులు చిత్రించాడు. తెలుగు సినిమా ప్రచారకళలో పేరొందిన ఈశ్వర్, బాపు దర్శకత్వం వహించిన సాక్షి (1967) చిత్రంతో ఈ రంగంలో ప్రవేశించాడు. ఆయన 2021లో మరణించాడు.

ముద్రణ విధానం

డిజైనర్ ఫోటోషాప్, కోరల్ డ్రా వంటి సాఫ్టువేర్లలో పటాన్ని సిద్ధం చేస్తాడు. పెద్ద ఇంక్‌జెట్ యంత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు రంగులను వెదజల్లి దానిని ముద్రిస్తుంది. వెల చదరపు అడుగుల లెక్కన నిర్ణయిస్తారు.

ఆర్థిక ప్రభావం

చిత్రకారుడు ప్రతి బోర్డునూ మొదటి నుండి వ్రాయవలసి ఉండగా, ఒకసారి తయారైన ఫైలును ఎన్నిసార్లైనా ముద్రించవచ్చు. అందువలన ఆదాయంలో అధిక భాగం యంత్రానికి పెట్టుబడి పెట్టిన వారికి చేరినది. డి.టి.పి. తెలిసిన యువతకు కొత్త ఉపాధి లభించగా, పెద్దవయసు చిత్రకారులు గోడ వ్రాతలకు, పాఠశాల గోడల బొమ్మలకు పరిమితమయ్యారు, లేదా వృత్తిని విడిచారు.

తెలుగు లిపిపై ప్రభావం

పూర్వం ఒక్కొక్క చిత్రకారుని అక్షరానికి ఒక్కొక్క ఒరవడి ఉండేది. ఫ్లెక్సీలలో మాత్రం కొద్దిపాటి ఖతులే పదేపదే కనిపిస్తాయి. ఐతే బాపు చేతివ్రాత ఖతిగా మారి ఊరూరా వాడుకలోకి వచ్చినది. మండలి, సురవరం, గిడుగు వంటి యూనికోడ్ ఖతులు నేడు ఉచితంగా లభిస్తున్నాయి.

పర్యావరణము, చట్టాలు

ఫ్లెక్సీ మట్టిలో కలిసిపోదు. కాల్చినచో హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వంటి విషపదార్థాలు వెలువడతాయి. 2019 సెప్టెంబరులో చెన్నైలో స్కూటరుపై వెళ్తున్న యువతిపై బ్యానరు పడగా, ఆమె అదుపు తప్పి లారీ క్రింద పడి మరణించినది. 100 మైక్రాన్లకు తక్కువ మందము గల పి.వి.సి. బ్యానర్లను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుండి నిషేధించినది. అదే సంవత్సరం ఆగష్టు 26న ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి రాష్ట్రంలో ఫ్లెక్సీల నిషేధాన్ని విశాఖపట్నంలో ప్రకటించి, గుడ్డ బ్యానర్లు వాడవలసిందిగా సూచించాడు.

ఐతే గుడ్డపై కూడా యంత్రంతో ముద్రించవచ్చును గనుక, నిషేధం వలన పర్యావరణానికి మేలు కలిగినా, చిత్రకారునికి పని తిరిగి వచ్చునని చెప్పలేము. ఢిల్లీకి చెందిన హనీఫ్ ఖురేషీ (మరణం 2024) ప్రారంభించిన "హ్యాండ్‌పెయింటెడ్ టైప్" కార్యక్రమం మరొక మార్గం చూపినది. వీధి చిత్రకారుల అక్షరాలను వారి పేర్లతోనే డిజిటల్ ఖతులుగా మార్చుట దీని ఉద్దేశ్యం. పూర్తిగా మరుగున పడకముందే తెలుగు బోర్డు చిత్రకారుల అక్షరాలను కూడా ఇటువంటి పద్ధతిలో భద్రపరచవచ్చును.