ఎన్‌ఎస్‌ఎక్స్ క్లస్టర్ సన్నాహం

వీస్ఫియర్ హోస్టుల క్లస్టర్‌ను వీక్లౌడ్ డైరెక్టర్ వంటి క్లౌడ్ వేదికకు అప్పగించే ముందు, దానిపై వర్చువల్ నెట్‌వర్క్‌ను నెలకొల్పే పనుల వరుస. ఈ వ్యాసం ప్రధానంగా వీఎంవేర్ నెట్‌వర్క్ వర్చువలైజేషన్ ఉత్పత్తి ఎన్‌ఎస్‌ఎక్స్-వికి వర్తిస్తుంది. దాని సాధారణ మద్దతు 2022 జనవరిలో ముగిసింది. తరవాత వచ్చిన ఎన్‌ఎస్‌ఎక్స్-టిలో, ప్యాకెట్లకు తొడుగు వేసి పంపే వీఎక్స్‌లాన్ పద్ధతి స్థానాన్ని జెనీవ్ తీసుకొంది.

ఈ సాంకేతికతకు మూలం 2007లో ఏర్పడిన నిసిరా సంస్థ. దాన్ని కొంటున్నట్లు వీఎంవేర్ 2012 జులైలో ప్రకటించింది. ధర కొన్నిచోట్ల 105 కోట్ల డాలర్లని, కొన్నిచోట్ల 126 కోట్లని కనిపిస్తుంది. మొదటిది నగదు మాత్రమే కాబట్టి వాటాలు కలిసిన రెండో అంకెనే తీసుకోవడం మేలు.

నెట్‌వర్కులను విడదీసే పాత పద్ధతి వీలాన్‌లో గుర్తింపు సంఖ్యకు 12 బిట్లే ఉండటంతో 4094 నెట్‌వర్కులతో సరి. వీఎక్స్‌లాన్‌కు 24 బిట్లు, అంటే కోటీ అరవై లక్షలకు పైనే. అయితే సంఖ్య ఒక్కటే కాదు, రద్దీని తట్టుకోవడమూ ముఖ్యం. ఉదాహరణకు, 2021 సెప్టెంబరులో తిరుమల సర్వదర్శనం టోకెన్లను ఆన్‌లైన్‌లో ఇచ్చేందుకు తి.తి.దే. జియో సాంకేతిక సహకారం తీసుకొంది. అలాంటి ఆన్‌లైన్ సేవలకు ఒక్కసారిగా వచ్చే రద్దీలో కొత్త సర్వర్లు ఏ హోస్టుపై లేచినా స్విచ్చులను మళ్లీ సవరించకుండా పాత నెట్‌వర్కులోనే చేరగలగడం వీఎక్స్‌లాన్‌లోని అసలు ప్రయోజనం.

ముందుగా డీఎన్‌ఎస్, ఎన్‌టీపీ సరిచూడాలి. ఎన్‌ఎస్‌ఎక్స్ మేనేజరును వీసెంటర్‌తో జతచేసి, మూడు కంట్రోలర్లు నిలిపి, హోస్టుల్లో మాడ్యూళ్లు ఎక్కించాలి. ఆపై వీటెప్ (హోస్టుపై వీఎక్స్‌లాన్ తొడుగు వేసి, విప్పే కొస) చిరునామాలు, సాధారణంగా 5000 నుంచి మొదలయ్యే సెగ్మెంట్ సంఖ్యలు కేటాయించాలి.

ఎక్కువగా తడబడేది ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) దగ్గర. వీఎక్స్‌లాన్ తొడుగు ప్రతి ప్యాకెట్‌కూ దాదాపు 50 బైట్లు చేరుస్తుంది. 1550 చాలుననే లెక్క ఉన్నా, అదనపు ట్యాగులకూ చోటిచ్చే 1600 నమ్మదగినది. మామూలు పింగ్ ఎంటీయూ తక్కువైన లోపాన్ని పట్టివ్వదు. ముక్కలు కానివ్వకుండా 1572 బైట్ల పింగ్‌ను ఒక వీటెప్ నుంచి మరోదానికి పంపి చూడాలి. ఐపీ, ఐసీఎంపీ శీర్షికల 28 బైట్లు కలిస్తే అది 1600 అవుతుంది. యూడీపీ పోర్టు విషయంలోనూ పత్రాలు ఏకీభవించవు: పాత కూర్పుల్లో 8472, 6.2.3 నుంచి కొత్త స్థాపనల్లో 4789. 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7348 చెప్పేది రెండోదే. ఫైర్‌వాల్ తెరిచేముందు కూర్పు చూసుకోవాలి.

ఇంత అయ్యాకే వీక్లౌడ్ డైరెక్టర్‌లో ప్రొవైడర్ వీడీసీ (అద్దెదారులకు పంచే వనరుల సముదాయం) సృష్టించాలి. పాత డైరెక్టర్ కూర్పులు అప్పుడు ట్రాన్స్‌పోర్ట్ జోన్‌ను (వర్చువల్ నెట్‌వర్కులు విస్తరించే క్లస్టర్ల పరిధి) తామే తయారుచేస్తాయి. అది సాధారణంగా మల్టీకాస్ట్ పద్ధతిలో ఉంటుంది. భౌతిక నెట్‌వర్క్ మల్టీకాస్ట్‌కు సిద్ధంగా లేకపోతే, తొలి అద్దెదారు రాకముందే దాన్ని యూనికాస్ట్‌కు మార్చాలి.