ఇందూరు సీమ గతం, తిలక్ గార్డెన్ ప్రదర్శనశాల

పూర్వం ఇందూరు అనే పేరుతో ప్రసిద్ధమైన నిజామాబాదు పట్టణంలో, తిలక్ గార్డెన్ ఆవరణలో 2001లో ఏర్పడిన జిల్లా పురావస్తు ప్రదర్శనశాల, పాత రాతియుగం నుండి 16వ శతాబ్దపు విజయనగర కాలం దాకా సాగిన మానవ జీవనపు ఆనవాళ్లను పురావస్తువులు, శిల్పాలు, కంచు-అలంకార వస్తువులు అనే మూడు విభాగాలుగా భద్రపరిచింది. వీటిలో బిద్రీ సామగ్రి నిదానించి చూడదగినది. బీదరు పేర వెలసిన ఈ కళలో జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోతపోసిన పాత్రపై ఉలితో గాళ్లు చెక్కి, వాటిలో వెండి తీగను అదిమి, చివరకు నవాసాగరం కలిపిన మట్టిని పట్టించినప్పుడు తక్కిన లోహమంతా నల్లబడి వెండి మాత్రమే తెల్లగా నిలుస్తుంది.

అయితే ఈ సీమ చరిత్రలో అధిక భాగం ప్రదర్శనశాల గోడల వెలుపలే ఉన్నది. పదహారు మహాజనపదాలలో ఒకటిగా గోదావరి తీరాన వర్ధిల్లిన అశ్మక రాజ్యానికి రాజధానియైన పోదనమే నేటి బోధన్ అని పలువురు చరిత్రకారులు గుర్తించారు. అక్కడి దేవల్ మసీదు పూర్వపు దేవాలయ స్తంభాలను నేటికీ నిలుపుకొన్న కట్టడం. 1931లో మంజీర నదిపై పూర్తయిన నిజాంసాగర్ నీటితో చెరకు సాగు విస్తరించగా, 1937లో బోధన్‌లోనే స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ శక్కర్‌నగర్ అనే కాలనీయే వెలసింది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడినందున, దాని యంత్రాలు, దస్త్రాలు, కార్మికుల జ్ఞాపకాలు కూడా శిల్పాలకు చూపినంత శ్రద్ధతో సేకరించి కాపాడదగిన చారిత్రక సామగ్రియే.