చూలైలో జపాను తోట

ఉగాది పచ్చడికి కావలసిన వేపపువ్వు కోసం చూలైవాసులమైన మేము ఎక్కడికో పోనక్కరలేదు. వీధి చివర చెట్టు క్రింద పళ్లెం పట్టుకొని నిలబడితే చాలును. ఈ ఊరి ఎండకు ఎటువంటి చెట్టు తట్టుకొంటుందో ఆ వేపను చూచే తెలుసుకోవలసినది. ఆ సంగతి మరచి, జపాను తోట మీది మోజుకొద్దీ మేము ఒక ఏడు రెండు మేపుల్ మొక్కలు, ఒక చెర్రీ మొక్క కొని తెచ్చి మిద్దెమీద పెట్టుకొన్నాము. కత్తిరి ఎండలు ముగియకముందే మూడూ మాడిపోయినవి. అమ్మినాయన మాత్రం చెన్నపట్నంలో దివ్యంగా పెరుగుతాయని ఒట్టు పెట్టుకొని చెప్పినాడు! వాటికి కావలసినది ఎరువు కాదు, ఆకు రాల్చుకొని నిద్రపోయేపాటి చలికాలం. దానిని ఇక్కడ ఎవరు అమ్మగలరు?

చూలై అంటే తమిళంలో ఇటుకల ఆవం. పేరు అటువంటిదైనా ఒకప్పుడు ఈ పేట పక్కనే పెద్ద తోట ఉండేది. 1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ పూనికతో ఏర్పడిన పీపుల్స్ పార్కు నూరెకరాలకు పైబడినది. చెరువులు, బాటలు, జంతుప్రదర్శనశాల అన్నీ అందులోనే. తరువాత విక్టోరియా పబ్లిక్ హాలు, మూరు మార్కెట్టు, రిప్పన్ భవనం, స్టేడియం ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నవి. 1985లో జంతువులు వండలూరికి తరలినవి. నేడు మై లేడీస్ పార్కు వంటి తునకలు మాత్రం మిగిలినవి. కనుక చూలై సంసారికి తోట అంటే పెరటిలో నాలుగు గజాలు, లేదా మిద్దెమీద తొట్లు.

పరదేశపు మొక్కలు ఈ ఊరికి రావడం అంతకంటె పాతమాట. 1835లో ఇక్కడ అగ్రి హార్టికల్చరల్ సొసైటీ వెలసినది. దాని వ్యవస్థాపకులలో ఒకరైన డాక్టరు రాబర్టు వైట్ దొరకు మొక్కల బొమ్మలు వ్రాసిపెట్టిన రంగయ్య, గోవిందు తెలుగువారేనని చరిత్రకారులు వ్రాసినారు. గోవిందు పేరు నిలిచేటట్లు దొర ఒక ఆర్కిడ్ జాతికి ‘గోవిందూయా’ అని నామకరణం చేసినాడు. మన పిల్లలకు ఈ ముక్క చెప్పేవారెవరూ లేరు.

ఇక అసలు విషయం. మన కృష్ణాతీరపు నాగార్జునాచార్యుని తమ ఎనిమిది బౌద్ధశాఖలకూ మూలపురుషునిగా ఎంచే దేశం జపాను. బుద్ధుడు జ్ఞానం పొందిన రావిచెట్టు, నిర్యాణం చెందిన సాలవృక్షం తమ గుడి తోటలలో ఉండవలెనని వారికీ కోరికే. కాని ఆ చలికి అవి బ్రదకవు. వారేమి చేసినారు? రావికి బదులు, దానివలెనే హృదయాకారపు ఆకుగల లిండెన్ చెట్టును నాటి బోధివృక్షమన్నారు. 1190 ప్రాంతంలో ఐసై అనే భిక్షువు దానిని చీనానుండి పంపినాడని సంప్రదాయం. సాలవృక్షానికి బదులు తమ కొండలలోని స్టెవార్షియా అనే చెట్టును ఎన్నుకొన్నారు. దాని తెల్లని పువ్వు ఒక్కదినమే ఉండి రాలిపోతుంది. క్యోటోలోని ఒక మఠంలో పచ్చని నాచుమీద రాలిన ఆ పూలను చూడడానికి జూన్‌లో జనం వస్తారు. మన చెట్లకు వారు అక్కడి బంధువులను వెదకుకొన్నట్లే, వారి చెట్లకు మనం ఇక్కడ వెదకుకోవలెనని అప్పుడు తోచినది.

వారి తోటకు ప్రాణం పైను చెట్టు. దానికి మా బదులు సరుగుడు, ఇక్కడివారి చవుకు. ఉప్పుగాలికి బెదరదు, కత్తిరకు ఒదుగుతుంది. కొమ్మలను చిన్ననాటినుండి కత్తిరిస్తూ పరచుకొనేటట్లు వంచితే దూరంనుండి పైనే అనిపిస్తుంది. నాచుకు బదులు కొరియా గడ్డి. దీనిని కోయక విడిస్తే గుబ్బలు గుబ్బలుగా లేస్తుంది, అదే అందం. గుండ్రని పొదకు నాగగొలుగు చాలును. వెదురు మాత్రం తొట్టిలోనే పెట్టవలెను. బుద్ధుని బొజ్జ అనే రకం తొట్టిలో ఇరుకున ఉండి నీరు తక్కువైతేనే కణుపుల నడుమ ఉబ్బుతుంది. జాలిపడి నీళ్లు పోస్తే మామూలు వెదురే. తామరకు వెడల్పాటి తొట్టి, నిండు ఎండ కావలెను; అందులో నాలుగు గప్పీ చేపలు వదలకపోతే దోమలను మనమే పెంచినవారమవుతాము.

జపానునుండి మార్పు లేకుండా తెచ్చుకోదగినది ఒకటున్నది: సైకస్. 1775లో డచ్చివారి వైద్యుడుగా నాగసాకి దాపున దెజిమా దీవికి వెళ్లిన తున్‌బెర్గ్, ఊరిలోకి స్వేచ్ఛగా పోనివ్వకపోతే, పశువులకు తెచ్చిన గడ్డిమోపులలోనే మొక్కలు ఏరుకొన్నాడట. సైకస్ రెవొల్యూటాకు 1782లో ఆ పేరు పెట్టినవాడు ఆయనే. క్యోటోలో చలికాలం వస్తే దీనికి గడ్డిచొక్కా తొడుగుతారు. ఇక్కడ ఆ బాధ లేదు. ఇసుక కలిపిన మట్టి, నీరు నిలవని తొట్టి, మట్టి ఆరిన తరువాతనే నీళ్లు. ఏటికి ఒక్క వరుస ఆకులే వేస్తుంది, తొందరపడరాదు. గింజలు విషం, పిల్లలున్న ఇంట జాగ్రత్త.

దీనికి మన దాయాది శేషాచలం కొండలలోని పేరిత. లోకంలో మరెక్కడా అడవిలో పుట్టదు. తిరుపతినుండి వస్తూ ఒక దుంప సంచిలో వేసుకొని వస్తే ఏమని మాలో ఒకరు అడిగినారు. కూడదు సుమండీ! వన్యప్రాణి చట్టం దానిని కాపాడుతున్నది. చట్టం లేకపోయినా కూడదు. నర్సరీలో పెంచిన జపాను సైకస్ ఉండగా కొండమీది పేరితను ఊడబెరకడమెందుకు?

2019 వేసవిలో చెరువులెండి, లారీ నీళ్లకు బిందెలు వరుసకట్టిన రోజులలో మా తామరతొట్టి ఎండిపోయినది. అప్పుడే నీరులేని తోట గుర్తుకు వచ్చినది. క్యోటోలోని ర్యోఆంజి ముంగిట నీటికి బదులు తెల్ల కంకర, దానిమీద దువ్వెనగీతల అలలు, నడుమ 15 రాళ్లు. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒక రాయి చాటున పడుతుందంటారు. మేమూ పెరటి మూల సన్నకంకర పరచి మూడు రాళ్లు పాతి, పక్కన సైకస్ తొట్టి పెట్టినాము. దువ్వెనగీతలు ఇంకా గీయకముందే ఇంటి ఆడపిల్లలు ఆ కంకరలో చుక్కలు పెట్టి ముగ్గు వేసినారు. మేము చెరపలేదు.