ఎక్స్‌-కిరణాల ఆవిష్కరణ - వైద్యరంగం: వినియోగానికీ రక్షణకూ నడుమ గడిచిన కాలం

వ్యాససంగ్రహం

1895 నవంబరులో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ గుర్తించిన ఎక్స్‌-కిరణాలు కొన్ని వారాలలోనే ఆసుపత్రులకు చేరాయి. వాటి హాని నుంచి వైద్యులను, రోగులను కాపాడే అంతర్జాతీయ వ్యవస్థ మాత్రం 1928 వరకు ఏర్పడలేదు. ఈ రెండింటి నడుమ గడిచిన మూడు దశాబ్దాల పైచిలుకు కాలాన్ని కేంద్రంగా చేసుకొని ఎక్స్‌-కిరణాల వైద్యచరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ జాప్యానికి తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. హాని ఆలస్యంగా బయటపడడం, దాని కారణంపై భిన్నాభిప్రాయాలు ఉండడం, కిరణమోతాదును కొలిచే ప్రమాణం లేకపోవడం అనే మూడు అంశాలు కలిసి పనిచేశాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎక్స్‌-కిరణాలు, రాంట్‌జెన్, వైద్యచరిత్ర, వికిరణ రక్షణ, మోతాదు, క్షయ

1. ఉపోద్ఘాతం

శరీరాన్ని కోయకుండా లోపలి స్థితిని తెలుసుకోవాలన్నది అన్ని వైద్యసంప్రదాయాలలోనూ ఉన్న ఆకాంక్ష. ఆయుర్వేద వైద్యుడు నాడి పట్టి చూశాడు. ఐరోపాలో 1761లో ఆవెన్‌బ్రుగ్గర్ ఛాతీని వేళ్లతో తట్టి, వచ్చే ధ్వనిని బట్టి రోగాన్ని ఊహించే పద్ధతిని ప్రకటించాడు. 1816లో లెనెక్ స్టెతస్కోపును రూపొందించాడు. ఇవన్నీ స్పర్శ మీద, వినికిడి మీద ఆధారపడిన పద్ధతులు. వైద్యుడు విన్నదానిని మరొకరు సరిచూసే అవకాశం తక్కువ. జీవించి ఉన్న మనిషి ఎముకను కంటితో చూసి, ఆ చిత్రాన్ని పదిమందికి చూపగల స్థితి 1895 తరువాతనే వచ్చింది.

ఈ మార్పును గురించి రాసేటప్పుడు ఆవిష్కరణ ఘట్టాన్ని విస్తారంగా వర్ణించి, దుష్ఫలితాలను చివర ఒకటి రెండు వాక్యాలలో ప్రస్తావించడం పరిపాటి. ఈ వ్యాసంలో ఆ రెండింటినీ ఒకే చరిత్రలోని భాగాలుగా పరిశీలించడమైనది.

2. వుర్జ్‌బర్గ్ ప్రయోగశాల: ఆవిష్కరణ

జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యుడైన రాంట్‌జెన్ 1895 నవంబరు 8న కాథోడ్ కిరణాలపై ప్రయోగం చేస్తున్నాడు. గాలిని దాదాపు పూర్తిగా తొలగించిన గాజు ఉత్సర్గ నాళాన్ని నల్లని అట్టతో కప్పి, గదిని చీకటి చేసి, నాళంలోకి అధికవోల్టేజి విద్యుత్తును పంపాడు. కొంత దూరంలో ఉన్న బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర మెరిసింది. కాథోడ్ కిరణాలు గాలిలో కొద్ది సెంటీమీటర్లకు మించి ప్రయాణించలేవు కనుక ఆ మెరుపుకు వేరే కారణం ఉండాలని ఆయన గ్రహించాడు. స్వభావం తెలియని ఆ కిరణాలకు గణితంలోని అవ్యక్తరాశిని సూచించే ‘ఎక్స్’ అక్షరాన్ని పేరుగా పెట్టాడు.

తరువాతి వారాలలో ఆయన పుస్తకాలు, చెక్క, రబ్బరు, వివిధ లోహపు రేకుల గుండా ఈ కిరణాలు ఎంతవరకు చొచ్చుకుపోతాయో పరీక్షించాడు. డిసెంబరు 22న తన భార్య ఆనా బెర్తా చేతిని ఛాయాచిత్ర ఫలకం మీద ఉంచి చిత్రం తీశాడు. ఎముకలు, వేలికి ఉన్న ఉంగరం అందులో స్పష్టంగా కనిపించాయి. డిసెంబరు 28న తన తొలి నివేదికను వుర్జ్‌బర్గ్ భౌతిక-వైద్య సంఘానికి సమర్పించాడు.

దీనిని కేవలం యాదృచ్ఛిక ఘటనగా భావించడం సరికాదు. 1890 ఫిబ్రవరిలోనే ఫిలడెల్ఫియాలో గుడ్‌స్పీడ్, జెన్నింగ్స్ అనే ఇద్దరు ఉత్సర్గ నాళంతో పనిచేస్తుండగా ఒక ఛాయాచిత్ర ఫలకం మీద అంతుపట్టని నీడలు పడ్డాయి. రాంట్‌జెన్ ప్రకటన వెలువడేవరకు వారికి దాని అర్థం తెలియలేదు. అదే పరికరం అనేక ప్రయోగశాలల్లో ఉంది. అనుకోని ఫలితాన్ని పక్కన పెట్టకుండా ఏడు వారాల పాటు క్రమపద్ధతిలో శోధించడమే రాంట్‌జెన్ ప్రత్యేకత. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయనకే లభించింది.

3. ప్రయోగశాల నుంచి ఆసుపత్రికి

1896 జనవరి 1న రాంట్‌జెన్ తన వ్యాసప్రతులను, కొన్ని చిత్రాలను సహశాస్త్రవేత్తలకు పంపాడు. జనవరి 5న వియన్నా పత్రిక ఒకటి ఈ వార్తను ప్రచురించింది. అదే నెలలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జాన్ హాల్-ఎడ్వర్డ్స్ ఒక వ్యక్తి చేతిలో దిగిన సూదిని ఎక్స్‌-కిరణ చిత్రంలో గుర్తించాడు. ఫిబ్రవరి 3న అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో మణికట్టు విరిగిన ఒక బాలుని చేతిని చిత్రించారు. అదే సంవత్సరం గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీలో జాన్ మాకింటైర్ ఆధ్వర్యంలో ఎక్స్‌-కిరణ విభాగం ఏర్పడింది. ఒక్క 1896లోనే ఈ అంశంపై వెయ్యికి పైగా వ్యాసాలు వెలువడ్డాయి.

ఇంత వేగానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, కావలసిన పరికరాలు - ఉత్సర్గ నాళం, ప్రేరణ తీగచుట్ట, ఛాయాచిత్ర ఫలకం - అప్పటికే విపణిలో ఉన్నాయి. రెండవది, రాంట్‌జెన్ తన ఆవిష్కరణకు పేటెంటు తీసుకోలేదు. అందువల్ల భౌతికశాస్త్రజ్ఞులతో పాటు వైద్యులు, విద్యుత్ సాంకేతిక నిపుణులు, ఛాయాచిత్రకారులు కూడా ఈ రంగంలోకి ప్రవేశించారు. ఎవరు వాడవచ్చు, ఎంతసేపు వాడవచ్చు అని నిర్ణయించే వ్యవస్థ ఏదీ లేదు.

యుద్ధం ఈ వ్యాప్తికి మరింత ఊతమిచ్చింది. శరీరంలో దిగిన తూటాను శలాకతో వెదకవలసిన అవసరం తగ్గింది. 1897-98 నాటి తీరా దండయాత్రలో వాయవ్య సరిహద్దు ప్రాంతానికి బ్రిటిష్ సైనిక వైద్యుడు బీవర్ ఎక్స్‌-కిరణ పరికరాన్ని తీసుకువెళ్లి, క్షతగాత్రుల చికిత్సలో వినియోగించాడు. అంటే ఆవిష్కరణ జరిగిన రెండేళ్లకే ఈ కిరణాలు ఉపఖండానికి చేరాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మేరీ క్యూరీ సంచార ఎక్స్‌-కిరణ వాహనాలను ఏర్పాటు చేసి, వాటిని నడపడానికి మహిళలకు శిక్షణ ఇచ్చింది.

4. ఎముకల నుంచి మృదుకణజాలానికి

తొలిరోజుల్లో ఎముకలు, లోహపు వస్తువులు మాత్రమే స్పష్టంగా కనిపించేవి. కాల్షియం అధికంగా ఉన్న ఎముక కిరణాలను ఎక్కువగా శోషిస్తుంది; కండరాలు, పేగులు ఇంచుమించు ఒకే విధంగా శోషిస్తాయి కనుక వాటిని వేరుచేసి చూడడం కష్టం. హార్వర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్ 1896 చివరినుంచి జంతువులకు బిస్మత్ లవణం కలిపిన ఆహారం పెట్టి, అది జీర్ణనాళంలో కదిలే తీరును తెరమీద పరిశీలించాడు. 1904లో మ్యూనిక్‌లో రీడర్ ఈ పద్ధతిని రోగుల పరీక్షలో ప్రవేశపెట్టాడు. 1910 ప్రాంతంలో బిస్మత్ స్థానాన్ని బేరియం సల్ఫేట్ ఆక్రమించింది. జీర్ణాశయపు పుండ్లను శస్త్రచికిత్సకు ముందే గుర్తించడం ఆ విధంగా సాధ్యమైంది.

1913లో విలియం కూలిడ్జ్ వేడి చేసిన టంగ్‌స్టన్ తీగతో పనిచేసే నాళాన్ని రూపొందించాడు. అంతవరకు వాడిన వాయునాళాలు ఒక్కోసారి ఒక్కోవిధంగా పనిచేసేవి. కొత్త నాళంలో కిరణాల పరిమాణాన్ని, చొచ్చుకుపోయే శక్తిని వేర్వేరుగా నియంత్రించే వీలు కలిగింది. నాళాన్ని నియంత్రించగలగడం మోతాదును నియంత్రించడానికి కూడా తొలిమెట్టు అయింది.

5. పరీక్షించిన చేతులు

వాయునాళాల అస్థిరత్వానికి మూల్యం చెల్లించినవారు వాటిని నడిపినవారే. నాళం సరిగా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి చాలామంది తమ చేతినే నాళానికీ తెరకూ మధ్య ఉంచి, ఎముకలు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో చూసేవారు. ఈ పరీక్ష రోజుకు ఎన్నోసార్లు జరిగేది. మొదట చర్మం ఎర్రబడడం, వెంట్రుకలు రాలడం, తరువాత మానని పుండ్లు, కొన్నేళ్లకు క్యాన్సరు - ఇదే క్రమం అనేకమందిలో కనిపించింది. థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన క్లారెన్స్ డాలీ రెండు చేతులనూ కోల్పోయి 1904లో మరణించాడు. ఎడిసన్ ఆ తరహా ప్రయోగాలనే విరమించుకున్నాడు. 1896లో సూదిని గుర్తించిన హాల్-ఎడ్వర్డ్స్ ఎడమచేతిని 1908లో తొలగించవలసి వచ్చింది.

హెచ్చరికలు లేకపోలేదు. 1896లోనే ఎలిహూ థామ్సన్ తన ఎడమచేతి చిటికెనవేలిని ఉద్దేశపూర్వకంగా కిరణాలకు గురిచేసి, బొబ్బలెక్కిన తీరును ప్రకటించాడు. 1901లో బోస్టన్ దంతవైద్యుడు విలియం రాలిన్స్ ఈ కిరణాలు గినీపందులను చంపగలవని నిరూపించాడు. నాళాన్ని కిరణాలు చొరలేని పెట్టెలో ఉంచాలనీ, చూసేవారు రక్షక కళ్లద్దాలు ధరించాలనీ, రోగి శరీరంలో అవసరమైన భాగం మీదనే కిరణాలు పడనివ్వాలనీ ఆయన సూచించాడు. నేటి రక్షణసూత్రాల సారం దాదాపు ఇదే. అయినా ఆనాడు ఈ సూచనలు విస్తృతంగా ఆచరణలోకి రాలేదు.

6. జాప్యానికి కారణాలు

దీనికి మూడు కారణాలను గుర్తించవచ్చు.

6.1 హాని కనిపించే కాలం: కిరణాలు తగిలినప్పుడు నొప్పి గాని వేడి గాని తెలియదు. చర్మం ఎర్రబడడానికి రోజులు, క్యాన్సరు రావడానికి సంవత్సరాలు పడతాయి. విరిగిన ఎముక చిత్రం మాత్రం ఆ క్షణమే చేతికి వస్తుంది. ప్రయోజనం వెంటనే, హాని ఎన్నాళ్లకో ప్రత్యక్షమైనప్పుడు రెండింటినీ ఒకే త్రాసులో తూచడం కష్టం.

6.2 కారణంపై వివాదం: చర్మం కాలడానికి నాళం చుట్టూ ఉండే విద్యుత్ ప్రభావం కారణమని కొందరు వాదించారు. అక్కడ తయారయ్యే ఓజోన్ కారణమని నికోలా టెస్లా వంటివారు భావించారు. కారణం కిరణాలు కావనుకున్నప్పుడు కిరణాలకు అడ్డుగా సీసపు తెర పెట్టవలసిన అవసరం కనిపించదు. రాంట్‌జెన్ స్వయంగా లోహపు పెట్టెలో ఉండి పనిచేసిన మాట నిజమే. అయితే అది ఛాయాచిత్ర ఫలకాలు పాడుకాకుండా చేసుకున్న ఏర్పాటు. ఆయన శరీరానికి రక్షణ అనుషంగికంగా లభించింది.

6.3 కొలమానం లేకపోవడం: ఇది అన్నిటికంటె ముఖ్యమైన కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 1896 చివరలో వియన్నాలో లియోపోల్డ్ ఫ్రాయిండ్ ఒక బాలిక వీపుమీద ఉన్న వెంట్రుకల పుట్టుమచ్చకు ఎక్స్‌-కిరణాలతో చికిత్స చేశాడు. అప్పటినుంచి ఈ కిరణాలు చికిత్సాసాధనం కూడా అయ్యాయి. కాని ఎంత ఇవ్వాలో చెప్పడానికి చర్మం ఎర్రబడడమే కొలతగా ఉండేది. అంటే హాని జరిగాక గాని మోతాదు తెలియదు. 1904లో సబురో, న్వారే రూపొందించిన బిళ్లలు కిరణాలు సోకినకొద్దీ ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు మారేవి. రాంట్‌జెన్ తెరమీద మెరిసిన బేరియం ప్లాటినోసయనైడే ఈ బిళ్లలలోనూ ఉంది. ఇది ఉపయోగపడినా, కంటి అంచనాపై ఆధారపడిన కొలతే.

7. ప్రమాణాల రూపకల్పన

1921లో బ్రిటన్‌లో ఎక్స్‌-కిరణ, రేడియం రక్షణ సంఘం ఏర్పడింది. 1925లో లండన్‌లో తొలి అంతర్జాతీయ రేడియాలజీ మహాసభ జరిగింది. 1928లో స్టాక్‌హోమ్‌లో జరిగిన రెండవ మహాసభ గాలిలో కలిగే అయనీకరణం ఆధారంగా ‘రాంట్‌జెన్’ అనే ప్రమాణాన్ని ఆమోదించి, అంతర్జాతీయ రక్షణ సంఘాన్ని నెలకొల్పింది. కొలమానం, రక్షణ సంఘం ఒకే సభలో రూపుదిద్దుకోవడం గమనార్హం. 1934లో ఆ సంఘం పనివారికి రోజుకు 0.2 రాంట్‌జెన్‌ను సహించదగిన మోతాదుగా ప్రకటించింది. సంవత్సరానికి 300 పనిదినాలుగా లెక్కిస్తే ఇది 60 రాంట్‌జెన్‌లు. అయిదేళ్ల సగటుగా ఏడాదికి 20 మిల్లీసీవర్టులన్న నేటి పరిమితికి పాతిక రెట్లకు పైగా ఉంటుంది.

1936లో హాంబర్గ్‌లో వికిరణం వల్ల మరణించిన వైద్యుల, శాస్త్రజ్ఞుల, సహాయకుల స్మారకస్తంభాన్ని నెలకొల్పారు. అప్పుడు దానిపై 15 దేశాలకు చెందిన 169 మంది పేర్లున్నాయి. అవి కిరణాలను వాడినవారి పేర్లు. మితిమీరిన మోతాదుకు గురైన రోగులకు అటువంటి జాబితా ఏదీ ఆ స్తంభంపై లేదు. రోగులకు జరిగే హాని ప్రధాన చర్చాంశం కావడానికి మరికొంత కాలం పట్టింది. 1927లో ముల్లర్ ఎక్స్‌-కిరణాలు ఫలఈగల్లో ఉత్పరివర్తనాలు కలిగిస్తాయని నిరూపించాడు. 1956లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టీవర్ట్ బృందం గర్భిణులకు తీసిన ఎక్స్‌-రేలకు, పుట్టిన పిల్లల్లో క్యాన్సరుకు సంబంధం ఉన్నట్లు ప్రకటించింది. ఈ నిర్ణయాన్ని వైద్యలోకం వెంటనే అంగీకరించలేదు. 1896 నాటి సందేహధోరణి అరవై ఏళ్ల తరువాత కూడా పునరావృతమైంది.

8. దక్షిణభారత సందర్భం

మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో ప్రారంభమైన బర్నార్డ్ రేడియాలజీ సంస్థ నాటి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకూ ప్రధాన ఆధారం. క్షయ విషయంలో మదనపల్లె సమీపాన ఉన్న ఆరోగ్యవరం శానటోరియం ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1950-55 మధ్య ఫ్రిమాట్-మోలర్ ఆ పరిసర గ్రామాలలో జరిపిన క్షయ అధ్యయనంలో సామూహిక ఎక్స్‌-రే పరీక్షలు భాగమయ్యాయి. లక్షణాలతో ఆసుపత్రికి వచ్చిన రోగిని చూడడం ఒక పద్ధతి. ఆరోగ్యంగా కనిపించే గ్రామీణుల ఊపిరితిత్తులను కూడా చిత్రించి, సమాజంలో వ్యాధివిస్తృతిని అంచనా వేయడం మరొక పద్ధతి. ఎక్స్‌-కిరణాలు వ్యక్తి చికిత్సను దాటి ప్రజారోగ్యానికి సాధనమైన తీరుకు ఈ అధ్యయనం తెలుగునేల మీది నిదర్శనం.

9. ముగింపు

1971లో లండన్‌లో తొలి రోగికి సి.టి. స్కాన్ తీసిన నాటినుంచి కంప్యూటరు సహాయంతో శరీరాన్ని పొరలుపొరలుగా చూడగలుగుతున్నాం. ఇటువంటి పరీక్షల్లో రోగికి అందే మోతాదు సాధారణ ఛాతీ ఎక్స్‌-రే కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత పరీక్ష నిజంగా అవసరమా, అదే సమాచారం తక్కువ మోతాదుతో లభిస్తుందా అన్న ప్రశ్నలు నేటికీ ప్రాధాన్యం కోల్పోలేదు.

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి: ఎక్స్‌-కిరణాల వేగవంతమైన వ్యాప్తికి అందుబాటులోని పరికరాలు, పేటెంటు లేకపోవడం దోహదం చేశాయి. హాని గురించిన సమాచారం 1896 నుంచే ఉన్నా, కొలమానం ఏర్పడేవరకు అది ఆచరణగా మారలేదు. రక్షణప్రమాణాలు మొదట పనివారిని, ఆ తరువాతనే రోగులను, గర్భస్థ శిశువులను దృష్టిలో ఉంచుకున్నాయి. వైద్యంలోకి కొత్త సాంకేతికత వచ్చిన ప్రతిసారీ దాని ప్రయోజనాన్ని కొలిచినంత శ్రద్ధగా హానిని కొలిచే సాధనం కూడా సిద్ధంగా ఉందా అని ప్రశ్నించవలసిన అవసరాన్ని ఈ చరిత్ర బోధిస్తున్నది.