గర్భనిరోధక ఇంజెక్షను

గర్భనిరోధక ఇంజెక్షను స్త్రీలు వాడే తాత్కాలిక కుటుంబ నియంత్రణ పద్ధతులలో ఒకటి. ఇందులో ప్రొజెస్టిరాన్‌ను పోలిన కృత్రిమ హార్మోను ఉంటుంది. ఈ మందు కొద్దికొద్దిగా రక్తంలో కలుస్తూ అండం విడుదల కాకుండా ఆపుతుంది. గర్భాశయ ముఖద్వారం వద్ద ఉండే జిగురును చిక్కబరచి వీర్యకణాలను అడ్డుకుంటుంది. మందు ప్రభావం తగ్గేలోగా మరుసటి డోసు తీసుకోవాలి. సకాలంలో తీసుకునే 100 మంది స్త్రీలలో ఏడాదికి ఒకరికి కూడా గర్భం రావడం అరుదు. డోసులు ఆలస్యమయ్యే సాధారణ వాడుకలో ఈ సంఖ్య సుమారు 4.

రకాలు, వ్యవధి

* డి.ఎం.పి.ఎ. (డిపో మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ ఎసిటేటు): కండరంలోకి 150 మి.గ్రా. లేదా చర్మం కిందకు 104 మి.గ్రా. ప్రతి 3 నెలలకు (13 వారాలకు) ఒకసారి ఇస్తారు.
* నెట్-ఎన్ (నార్ ఎథిస్టిరాన్ ఎనాంథేటు): 200 మి.గ్రా. ప్రతి 2 నెలలకు ఒకసారి కండరంలోకి ఇస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం రెండు రకాలనూ గడువుకు 2 వారాల ముందుగా తీసుకోవచ్చు. గడువు దాటిన తరువాత డి.ఎం.పి.ఎ.ను 4 వారాల వరకు, నెట్-ఎన్‌ను 2 వారాల వరకు అదనపు జాగ్రత్త లేకుండానే ఇవ్వవచ్చు. అమెరికాలో డి.ఎం.పి.ఎ.కు ఈ పరిమితి తక్కువ. అక్కడ చివరి ఇంజెక్షను నుండి 15 వారాల వరకే అనుమతిస్తారు.

తేదీ లెక్కింపు

లీపు సంవత్సరం కాని ఏడాదిలో జనవరి 1న డి.ఎం.పి.ఎ. తీసుకుంటే 13 వారాల లెక్కన మరుసటి డోసు ఏప్రిల్ 2న పడుతుంది. దానిని మార్చి 19 నుండి ఏప్రిల్ 30 వరకు తీసుకోవచ్చు. ఆ తరువాతి గడువును అసలు ఇంజెక్షను తీసుకున్న రోజు నుండే లెక్కించాలి. ఈ మందు వలన బహిష్టు క్రమం తప్పడం, ఆగిపోవడం సాధారణం. కాబట్టి బహిష్టును బట్టి కాక కార్డుపై వ్రాసిన తేదీని బట్టి వెళ్ళాలి. వరదల కాలంలో రాకపోకలు తెగిపోయే గోదావరి లంక గ్రామాల వంటి చోట్ల, ముందుగా తీసుకోగల ఆ 2 వారాల వెసులుబాటు ఉపయోగకరం.

మరీ ఆలస్యమైతే

పై పరిమితి దాటినా పద్ధతిని మానివేయనక్కరలేదు. గర్భం లేదని నిర్ధారించుకొని ఇంజెక్షను ఇవ్వవచ్చు. ఆ తరువాత 7 రోజులపాటు కండోము వంటి మరొక సాధనం వాడాలి. ఇంజెక్షను మానిన తరువాత గర్భధారణ శక్తి తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు. అయితే దీనిని నమ్ముకొని డోసును వాయిదా వేయడం సురక్షితం కాదు. ఈ ఇంజెక్షను ఎయిడ్స్, ఇతర సుఖవ్యాధుల నుండి రక్షణ ఇవ్వదు.

చరిత్ర

1985లో అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరులో భారత వైద్య పరిశోధనా మండలి నెట్-ఎన్ ప్రయోగాన్ని చేపట్టింది. అక్కడికి వచ్చిన స్త్రీలకు అది ప్రయోగమన్న సంగతి చెప్పలేదని హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించింది. 1986లో ఈ సంస్థ, ఢిల్లీకి చెందిన సహేలీ తదితరులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2000లో కేసు ముగిసింది. తగిన పర్యవేక్షణ, సలహా సౌకర్యాలు లేకుండా నెట్-ఎన్‌ను సామూహికంగా వాడడం మంచిది కాదని ప్రభుత్వం అంగీకరించింది. ఇంజెక్షను ఇవ్వడంతో పని పూర్తి కాదనీ, స్త్రీకి దాని గురించి పూర్తిగా తెలియజేసి, మళ్ళీ వచ్చినప్పుడు పరీక్షించే ఏర్పాటు ఉండాలనీ ఈ వివాదం స్పష్టం చేసింది.

డి.ఎం.పి.ఎ.కు భారతదేశంలో 1993లో అనుమతి లభించింది. 2017లో "అంతర" పేరుతో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇవ్వడం మొదలైంది.

ఇవి కూడా చూడండి

* కుటుంబ నియంత్రణ
* గర్భనిరోధక మాత్రలు
* కాపర్-టి