పీవీ నరసింహారావు: వరంగల్ బిడ్డ మీద రెండు జ్ఞాపకాలు ఎందుకు?

వరంగల్: మాజీ ప్రధాని పాములపర్తి వెంకట నరసింహారావు పేరు ఎత్తితే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. దేశాన్ని దివాలా నుంచి గట్టెక్కించిన తెలంగాణ బిడ్డ అని ఒక మాట. బాబ్రీ మసీదు షహీద్ అవుతుంటే చూస్తూ కూర్చున్న ప్రధాని అని ఇంకో మాట. జూన్ 28న ఆయన జయంతి వస్తే మొదటిది, డిసెంబర్ 6 వస్తే రెండోది గుర్తొస్తుంది. ఈ రెండింటి వెనక ఉన్న విషయాలు ఏంటో చూద్దాం.

లక్నేపల్లి నుంచి ఢిల్లీ దాకా

పీవీ 1921 జూన్ 28న నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టారు. దత్తత వెళ్లిన ఊరు వంగర. అది అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. హనుమకొండలో చదువుకున్నారు. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు నిజాం రాజ్యంలో చదువు సాగక పుణె, నాగపూర్ వెళ్లారు. తర్వాత పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుంచి కాకతీయ పత్రిక నడిపారు. తెలుగు, హిందీ, మరాఠీలతో పాటు ఉర్దూ కూడా బాగా తెలిసిన మనిషి.

1957 నుంచి మంథని ఎమ్మెల్యేగా వరుసగా మూడుసార్లు గెలిచి, 1971 సెప్టెంబర్ 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. 1972లో భూ పరిమితి చట్టానికి పూనుకున్నారు. తనది కూడా భూస్వామి కుటుంబమే అయినా వెనక్కి తగ్గలేదు. పెద్ద రైతుల వ్యతిరేకతకు జై ఆంధ్ర ఉద్యమం తోడై 1973 జనవరిలో కుర్చీ పోయింది.

1977, 1980లో హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1984లో అదే హనుమకొండలో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద బీజేపీ గెలిచింది రెండే సీట్లు, అందులో ఇది ఒకటి. పీవీ మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా పోటీ చేసి గెలవడంతో ఢిల్లీలో నిలబడ్డారు. అంతకు ముందే, ఇందిరాగాంధీ హత్య తర్వాత ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు, కేంద్ర హోంమంత్రి ఆయనే. ఆ మచ్చ కూడా ఆయన పేరు మీద ఉంది.

1991: నెల రోజుల్లో మారిన దారి

1991 జూన్ 21న ప్రధాని అయ్యేనాటికి ఖజానాలో విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిగా తెచ్చుకున్నారు. జూలై మొదటి మూడు రోజుల్లోనే రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు. సుమారు 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో తాకట్టుకు పోయింది. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం, బడ్జెట్ ఒకే రోజు వచ్చాయి. చాలా పరిశ్రమలకు లైసెన్సుల రాజ్యం పోయింది. సభలో సొంత మెజారిటీ కూడా లేని ప్రభుత్వం ఇదంతా నెల రోజుల్లో చేసింది. పీవీని పొగిడేవాళ్లు ముందుగా చెప్పేది ఇదే.

1992: ఆ రోజు ఏం జరిగింది

మసీదు తాళాలు 1986లో తెరిచారు, 1989లో శిలాన్యాస్ జరిగింది. రెండూ రాజీవ్ గాంధీ హయాంలోనివి. ఆ రెండుసార్లూ పీవీ కేంద్ర మంత్రిగానే ఉన్నారు.

1992 డిసెంబర్ 6 ఆదివారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కరసేవకులు మూడు గుంబద్‌లను కూల్చేశారు. కేంద్ర బలగాలు పక్కనే ఫైజాబాద్‌లో ఉన్నాయి, కానీ రాలేదు. యూపీలో రాష్ట్రపతి పాలన వచ్చింది మసీదు నేలమట్టమయ్యాకే. ఆ తర్వాత అల్లర్లు. ఒక్క బొంబాయిలోనే ఆ డిసెంబర్, జనవరి నెలల్లో 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది.

పీవీ తరఫు వాదన ఇది. శాంతిభద్రతలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. మసీదును కాపాడతామని కల్యాణ్ సింగ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకే హామీ ఇచ్చింది. ఆ హామీ మీదే కోర్టు లాంఛనంగా కరసేవకు ఒప్పుకుంది. ఏ నేరం జరగకముందే ఎన్నికైన ప్రభుత్వాన్ని రద్దు చేస్తే కోర్టులో నిలబడదు. ఆయన చనిపోయాక 2006లో వచ్చిన అయోధ్య పుస్తకంలోనూ ఇదే వాదన ఉంది.

ఎదుటి వాదన కూడా గట్టిదే. మసీదును కేంద్రం అధీనంలోకి తీసుకునే ప్రణాళికను అప్పటి హోం శాఖ కార్యదర్శి మాధవ్ గోడ్బోలే ముందే తయారు చేసి ఇచ్చారు. దాన్ని వాడలేదు. డిసెంబర్ 15న మాత్రం మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్‌ప్రదేశ్‌లలో బీజేపీ ప్రభుత్వాలను రద్దు చేశారు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. మసీదు కూలాక వాడిన అధికారాన్ని కూలకముందు ఎందుకు వాడలేదన్నది ముస్లిం సమాజం ఇప్పటికీ అడిగే ప్రశ్న. భూముల విషయంలో కుర్చీ పోయినా తగ్గని మనిషి, 1991లో నెల తిరక్కుండా దేశం దారి మార్చిన మనిషి, ఇక్కడ మాత్రం ఒక ముఖ్యమంత్రి మాట మీద కూర్చున్నారు.

మసీదును మళ్లీ కట్టిస్తామని ఆయన ప్రభుత్వం ప్రకటించింది. 1996 మేలో దిగిపోయేదాకా ఒక్క ఇటుక పడలేదు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ 140 సీట్లకు పడిపోయింది. విచారణకు వేసిన లిబర్హాన్ కమిషన్ నివేదిక ఇవ్వడానికి దాదాపు 17 ఏళ్లు తీసుకుంది. అది చూపిన 68 మంది బాధ్యుల్లో పీవీ పేరు లేదు.

చనిపోయాక

2004 డిసెంబర్ 23న పీవీ చనిపోయారు. ఢిల్లీలో ఆయన జనాజాను కాంగ్రెస్ ఆఫీసు లోపలికి కూడా రానివ్వలేదు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగాయి. సొంత పార్టీ దూరం పెట్టిన మనిషిని తర్వాత టీఆర్‌ఎస్ నెత్తికెత్తుకుంది. 2020లో కేసీఆర్ ప్రభుత్వం శత జయంతి ఉత్సవాలు మొదలుపెట్టింది. భారతరత్న కోరుతూ అసెంబ్లీ తీర్మానం చేసిన రోజు మజ్లిస్ సభ్యులు సభకు దూరంగా ఉన్నారు.

చివరికి ఆ భారతరత్నను 2024 ఫిబ్రవరి 9న ప్రకటించింది బీజేపీ ప్రభుత్వం. అంతకు ఆరు రోజుల ముందే రథయాత్ర చేసిన అద్వానీకి ప్రకటించారు. జనవరి 22న అయోధ్య గుడిలో ప్రాణప్రతిష్ఠ జరిగింది. మూడూ మూడు వారాల లోపే. చాలామంది ముస్లింలకు ఇది కొత్త గాయం. పీవీ అభిమానులకు ఆలస్యంగా దక్కిన న్యాయం.

మిగిలిన చట్టం

ఈ చర్చలో తక్కువమంది తలచుకునే సంగతి ఒకటుంది. 1947 ఆగస్టు 15న ఏ ప్రార్థనా స్థలం ఎలా ఉందో అలాగే ఉండాలన్న 1991 చట్టం పీవీ ప్రభుత్వం తెచ్చిందే. కేసు అప్పటికే కోర్టులో ఉన్నందున బాబ్రీని దాని నుంచి మినహాయించారు. ఇవాళ జ్ఞానవాపి, మథుర, సంభల్ వివాదాల్లో మసీదు కమిటీలు పట్టుకున్న ఆధారం ఆ చట్టమే. దాన్ని కొట్టేయాలని వేసిన పిటిషన్లు సుప్రీంకోర్టులో ఉన్నాయి. వాటి సంగతి తేలేదాకా ఇలాంటి కొత్త దావాలు నమోదు చేయొద్దని, సర్వేలకు ఆదేశాలివ్వొద్దని 2024 డిసెంబర్ 12న కింది కోర్టులకు సుప్రీంకోర్టు చెప్పింది.

అంటే బాబ్రీని కాపాడలేకపోయిన ప్రధాని తెచ్చిన చట్టమే మిగతా మసీదులకు ఇప్పుడు అడ్డుగోడ. ఒకటి చెప్పి రెండోది దాచిపెడితే పీవీ కథ సగమే చెప్పినట్టు. విగ్రహానికి దండ వేసేవాళ్లకైనా, డిసెంబర్ 6న నల్ల బ్యాడ్జీ పెట్టుకునేవాళ్లకైనా ఇది వర్తిస్తుంది.