విండోస్ అప్‌డేట్ చేశాక కంప్యూటర్ మొరాయిస్తోందా? పాత స్థితికి ఇలా తెచ్చుకోండి.. 10 రోజులు దాటితే మాత్రం కష్టమే!

రాత్రి షట్‌డౌన్ చేసేటప్పుడు బాగానే ఉంది. పొద్దున ఆన్ చేస్తే ప్రింటర్ పలకదు, వైఫై దొరకదు, లేదంటే బ్లూ స్క్రీన్. మధ్యలో జరిగింది ఒక్కటే.. విండోస్ అప్‌డేట్. ఇంట్లో కంప్యూటర్ అయితే ఒకపూట ఓపిక పట్టొచ్చు. అదే జీఎస్టీ రిటర్న్ గడువు రోజున దుకాణంలోని కంప్యూటరో, ప్రాజెక్ట్ సబ్మిట్ చేయాల్సిన రోజున స్టూడెంట్ ల్యాప్‌టాపో అయితే కంగారు మామూలుగా ఉండదు. ఆ కంగారులో చాలామంది వెంటనే ఫార్మాట్ కొట్టించేస్తారు. నిజానికి అంతదాకా వెళ్లాల్సిన పని లేదు. వచ్చిన అప్‌డేట్‌ను వెనక్కి పంపే దారి విండోస్‌లోనే ఉంది.

ముందు ఏ అప్‌డేటో తేల్చుకోండి

విండోస్‌కు ప్రధానంగా రెండు రకాల అప్‌డేట్లు వస్తాయి. ఒకటి క్వాలిటీ అప్‌డేట్. ప్రతి నెలా రెండో మంగళవారం (అమెరికా కాలమానం) మైక్రోసాఫ్ట్ విడుదల చేసేది ఇదే. సెక్యూరిటీ లోపాలకు మరమ్మతు ఇందులోనే ఉంటుంది. రెండోది ఫీచర్ అప్‌డేట్. అంటే విండోస్ వెర్షనే మారిపోవడం. ఈ రెండింటినీ తొలగించే పద్ధతులు వేరు. అందుకే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కు వెళ్లి, ‘అప్‌డేట్ హిస్టరీ’ తెరవాలి. ఏ తేదీన ఏది ఇన్‌స్టాల్ అయిందో, దాని కేబీ నంబర్ ఎంతో అక్కడ కనిపిస్తుంది. సమస్య మొదలైన రోజు, ఆ తేదీ ఒకటేనా అన్నది చూసుకోండి. రెండూ కలవకపోతే తప్పు అప్‌డేట్‌ది కాకపోవచ్చు.

నెలవారీ అప్‌డేట్ తీసేయాలంటే..

* విండోస్ 11లో సెట్టింగ్స్ > విండోస్ అప్‌డేట్ > అప్‌డేట్ హిస్టరీకి వెళ్లాలి.
* కిందికి స్క్రోల్ చేస్తే ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ ఉంటుంది. దాన్ని నొక్కాలి.
* ఇబ్బంది పెడుతున్న కేబీ నంబర్ పక్కన అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి.

విండోస్ 10లో అయితే సెట్టింగ్స్ > అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ ద్వారా ఇదే చోటుకు వెళ్లొచ్చు. కొన్ని అప్‌డేట్లకు అన్‌ఇన్‌స్టాల్ ఆప్షన్ కనిపించదు. అవి తొలగించడానికి వీల్లేనివి. ఇక ప్రింటర్, సౌండ్, డిస్‌ప్లే లాంటి ఒక్క పరికరమే పనిచేయకపోతే డ్రైవర్‌ను అనుమానించాలి. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే పాత డ్రైవర్ వచ్చేస్తుంది.

వెర్షనే మారిపోతే.. 10 రోజులే టైమ్

కొత్త వెర్షన్ ఎక్కినప్పుడు పాత విండోస్‌ను సిస్టమ్ పూర్తిగా చెరిపేయదు. సీ డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్‌లో దాచి ఉంచుతుంది. వెనక్కి వెళ్లడానికి ఆధారం అదే. అయితే ఈ సౌకర్యం సాధారణంగా 10 రోజులే ఉంటుంది. ఆ తర్వాత ఫోల్డర్ దానంతట అదే డిలీట్ అయిపోతుంది. డిస్క్ ఖాళీ చేద్దామని ముందే ఆ ఫోల్డర్‌ను మనమే తీసేసినా అంతే సంగతులు.

గడువులోపు అయితే విండోస్ 11లో సెట్టింగ్స్ > సిస్టమ్ > రికవరీకి వెళ్లి ‘గో బ్యాక్’ నొక్కితే చాలు. సొంత ఫైళ్లు అలాగే ఉంటాయి. కానీ అప్‌గ్రేడ్ తర్వాత ఇన్‌స్టాల్ చేసిన యాప్‌లు, మార్చిన సెట్టింగ్స్ పోతాయి. పాత విండోస్‌లో వాడిన పాస్‌వర్డ్ గుర్తుండాలి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి. మధ్యలో కరెంట్ పోతే మొదటికే మోసం.

అసలు ఆన్ కాకపోతే?

డెస్క్‌టాప్ దాకా కూడా రావడం లేదా? అప్పుడూ దారి ఉంది. పవర్ బటన్ నొక్కి ఆన్ చేసి, విండోస్ లోగో రాగానే అదే బటన్‌ను గట్టిగా పట్టుకుని ఆఫ్ చేయాలి. ఇలా వరుసగా చేస్తే మూడోసారికి రికవరీ స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్ > అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ > అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌కు వెళ్లాలి. చివరగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్ తీయాలా, ఫీచర్ అప్‌డేట్ తీయాలా అని అడుగుతుంది. ముందు క్వాలిటీ అప్‌డేట్‌తో మొదలుపెట్టడం మంచిది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఎందుకంటే డ్రైవ్‌కు బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కంప్యూటర్ అయితే, ఫోన్‌లో అదే అకౌంట్ తెరిస్తే కీ దొరికే అవకాశం ఉంది. కంప్యూటర్ బాగున్నప్పుడే దాన్ని ఓ కాగితం మీద రాసి పెట్టుకుంటే నిశ్చింత.

గతంలో ఏం జరిగిందంటే..

అప్‌డేట్ల వల్ల ఇబ్బందులు కొత్త కాదు. 2018 అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 వెర్షన్ 1809 కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలను డిలీట్ చేసేసింది. దీంతో నాలుగు రోజులకే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. సరిచేసి నవంబర్ 13న మళ్లీ విడుదల చేసింది. ఫైళ్లు పోయినవాళ్లు కంప్యూటర్‌ను వీలైనంత తక్కువగా వాడాలని అప్పట్లో సూచించింది. కారణం లేకపోలేదు. డిలీట్ అయిన ఫైలు చోటులో కొత్త డేటా పడితే, దాన్ని మళ్లీ రాబట్టడం దాదాపు అసాధ్యం. వెర్షన్ వెనక్కి రావడం వేరు, పోయిన ఫైలు తిరిగి రావడం వేరు.

2025 అక్టోబర్ 14 నాటి విండోస్ 11 అప్‌డేట్ ఇంకో రకం చిక్కు తెచ్చింది. కొన్ని కంప్యూటర్లలో రికవరీ స్క్రీన్‌లోనే యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ పనిచేయకుండా పోయాయి. అంటే రిపేర్ చేసే గదికే తాళం పడిందన్నమాట. అక్టోబర్ 20న మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా మరో అప్‌డేట్ ఇచ్చి దాన్ని సరిచేసింది. అందుకే విండోస్ తెరుచుకుంటున్నంత సేపు సెట్టింగ్స్ నుంచే పని ముగించుకోవడం ఉత్తమం.

తీసేసి వదిలేస్తే అసలుకే ఎసరు!

అప్‌డేట్ తీసేశాం, సమస్య పోయింది, ఇక దాని జోలికే వెళ్లం అనుకుంటే పొరపాటే. 2017 మే 12న వాన్నాక్రై ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. అంటే దాదాపు రెండు నెలలు ముందే మందు అందుబాటులో ఉంది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్ తొలగించడం తాత్కాలిక ఉపశమనమే. తీసేసిన వెంటనే ‘పాజ్ అప్‌డేట్స్’ పెట్టాలి. లేదంటే అదే అప్‌డేట్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. విండోస్ 11లో ఐదు వారాల వరకు ఇలా ఆపుకోవచ్చు. సాధారణంగా తర్వాతి నెలవారీ అప్‌డేట్ ఈలోపే వస్తుంది. కొత్త అప్‌డేట్‌లో మీ సమస్య సరిచేశారేమో చూసుకుని పాజ్ తీసేయండి. ఆ మధ్యకాలంలో తెలియని లింకులు, పైరేటెడ్ సాఫ్ట్‌వేర్ జోలికి పోకపోవడం మేలు.

ముందు జాగ్రత్తగా ఇవి చేయండి

* ముఖ్యమైన ఫైళ్లను వారానికోసారి బయటి హార్డ్ డిస్క్‌లోకో, క్లౌడ్‌లోకో కాపీ చేయండి. అవి కంప్యూటర్‌లో ఒక్కచోటే ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు.
* నెలాఖరులో వచ్చే ‘ప్రివ్యూ’ అప్‌డేట్లు ఆప్షనల్. అవసరం లేకపోతే వదిలేయండి.
* సిస్టమ్ రిస్టోర్ ఆన్‌లో ఉందో లేదో ఓసారి చూసుకోండి. రిస్టోర్ పాయింట్ ఉంటే వెనక్కి రావడానికి మరో దారి దొరికినట్టే.
* పరీక్ష, ఇంటర్వ్యూ, రిటర్న్ ఫైలింగ్ లాంటివి ఉన్న రోజు ముందురాత్రి అప్‌డేట్ పెట్టకండి.

ఇవన్నీ చేసినా కంప్యూటర్ మాట వినకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లక తప్పదు. అయితే ‘ఫార్మాట్ చేసేయండి’ అనే ముందు, డేటా మొత్తం పక్కన కాపీ చేయమని చెప్పడం మర్చిపోవద్దు. విండోస్ మళ్లీ వేయించుకోవచ్చు. బ్యాకప్ లేని పెళ్లి ఫొటోలు, పదేళ్ల లెక్కలు మాత్రం ఏ అప్‌డేటూ తెచ్చివ్వదు.